దొడ్డబళ్ళాపురంలో కరెంటు పోయిన మధ్యాహ్నం

మా కాలేజీలో చివరి ఏడాది డిజైన్ విద్యార్థులు ఏదో ఒక ఊరికి వెళ్లి, అక్కడివాళ్ల రోజువారీ ఇబ్బందికి పనికొచ్చే వస్తువొకటి తయారుచేయాలి. మా ముగ్గురి బృందం దొడ్డబళ్ళాపురం మరమగ్గాల ఇళ్లను ఎంచుకుంది. అక్కడ ముందుగదిలో మగ్గాలు, వెనక వంటిల్లు. పసిబిడ్డలు ఆ మోతలోనే పెరుగుతారు. అందుకని చెక్క చట్రంలో వ్యర్థమైన దూది దట్టంగా కూరి, గాలి ఆడే సందులు ఉంచి, తల్లికి కనబడేలా చిన్న కిటికీతో ఒక ఉయ్యాల పెట్టె చేశాం. పోయినేడాది మొదటి పెట్టెను సుజాత అనే ఆమె ఇంట్లో ఇచ్చాం. అప్పటికి ఆమె కూతురు హాసినికి ఐదో నెల. కాలేజీ ప్రదర్శనలో మా బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఒకే వాక్యం రాశాం: “మగ్గం పక్కనే ఉన్నా హాసిని ఇప్పుడు నిద్ర లేవదు.” మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేనే. అమ్మ ఆ వాక్యాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఇంకో పది పెట్టెలు చేయడానికి కాలేజీ ఒప్పుకుంది. ముందు ఆ మొదటిది ఎలా పనిచేస్తోందో ఒక రోజంతా ఉండి చూసి రమ్మని నన్ను పంపింది. ఈ ప్రయాణం అందుకే.

మా ఇల్లు బెంగళూరు కె.ఆర్.పురంలో. ఉదయం ఏడు లోపే రింగ్ రోడ్డు బస్సు ఎక్కితే హెబ్బాళ దాకా కూర్చుని వెళ్లొచ్చు, ఆ తర్వాత నిలబడటానికి కూడా చోటు దొరకదు. హెబ్బాళలో దిగి, యలహంక మీదుగా వెళ్లే దొడ్డబళ్ళాపురం బస్సు మారాలి. ట్రాఫిక్ దయ ఉంటే మొత్తం రెండున్నర గంటలు. ఆధార్‌లో కర్ణాటక అడ్రసున్న ఆడవాళ్లకు మామూలు ప్రభుత్వ బస్సుల్లో టికెట్ ఉచితం. నా కార్డులో ఇంకా ధర్మవరమే ఉంది.

“ఇన్నేండ్లు ఈడే ఉండి అడ్రస్ మార్చుకోలేదేమప్పా?” అన్నాడు కండక్టర్.

“బాడుగ ఇండ్లు సార్. ఎన్నిసార్లని మార్చేది?”

బస్టాండు నుంచి మగ్గాల వీధికి ఆటో అరవై రూపాయలు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, “చీర కొనేకా మేడమ్?” అనడిగాడు. కాదు, తెలిసినవాళ్లున్నారన్నాను. “ఆ వీధిలో మాటలు నడవవు, అంతా సైగలే. నేను హారన్ కొట్టేదే మానేసినా. యాడ వినిపిస్తాది వాళ్లకి?” అని నవ్వాడు.

సుజాత ఇంటి గడప దాటగానే నేల అదురు అరికాళ్లలో తెలిసింది. ఆమె రెండు మగ్గాలు ఒక్కతే చూసుకుంటోంది. భర్త నేసిన చీరలు అప్పగించడానికి బెంగళూరు వెళ్లాడు. అత్త నారాయణమ్మ ఒక మూల కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ నోటితో పిలవరు. దగ్గరుంటే భుజం తడతారు. దూరంగా ఉంటే సుజాత ఒక ఖాళీ కండెను అత్త ముందుకు విసురుతుంది, ఆమె తలెత్తుతుంది.

హాసిని మా పెట్టెలో నిద్రపోతోంది. మూత తెరిచాను. మోత ఒక్కసారిగా లోపలికి దూకింది. పాప కనురెప్ప కూడా కదల్లేదు. ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. నారాయణమ్మ నా చెవి దగ్గరికి వంగి అరిచింది: “మీ డబ్బా శానా బాగుండాది పాపా! పండుకుంటే లేసేదే లేదు!” నాకు చాలా సంతోషమేసింది.

మధ్యాహ్నం సుజాత రాగిముద్ద, ఆకుకూరల సొప్పుసారు వడ్డించింది. నిద్ర లేచిన హాసిని మాకు వీపు పెట్టి కూర్చుని కండెలు పేర్చుకుంటోంది. అప్పుడు కరెంటు పోయింది. వీధి వీధంతా ఆగిపోయింది.

“హాసినీ! ఏమ్మీ, ఇట్ల రా, బువ్వ తిందువు!” ఆ నిశ్శబ్దంలోనూ నారాయణమ్మ మగ్గం పక్కనున్నట్టే అరిచింది. పాప తిరగలేదు. “ఆటలో పడితే ఇంతే ఇది,” అంది.

అంతలో సుజాత చేతిలోంచి నీళ్ల చెంబు జారి బండల మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను. నారాయణమ్మ చేతిలోని ముద్ద పళ్లెంలో పడింది. గుమ్మం ముందు కుక్క లేచి మొరిగింది. హాసిని కండె మీద కండె పెడుతూనే ఉంది.

సుజాత నీళ్లలోనే నడిచి వెళ్లి పాప వెనక కూర్చుంది. పేరు పెట్టి పిలిచింది. ఇంకాస్త గట్టిగా పిలిచింది. చప్పట్లు కొట్టింది. చివరికి భుజం తట్టింది. పాప వెంటనే తిరిగి, నవ్వుతూ ఒక కండె చేతికిచ్చింది.

“అక్కా, ఇంతకుముందు ఎప్పుడైనా పిలిస్తే తిరిగిందా?”

“ఈ ఇంట్లో పిలిచేదెప్పుడప్పా? తట్టేదే గదా.”

“ఊరికే బెదరొద్దండి,” అంది నారాయణమ్మ. “వీళ్ల నాయన మూడేండ్లకు గానీ మాట్లాడలా. అయినా ఈ ఇంట్లో ఎవరికి సరిగ్గా ఉండాయి చెవులు!” ఆమె నవ్వింది. మేం నవ్వలేదు.

సుజాత నా వైపు చూసింది. “దీంట్లో పెడితే చెవులకేమీ కాదంటిరి. పొద్దంతా దాంట్లోనే పెడితిని గదప్పా.”

“నాకు తెలియదక్కా. వినికిడి పెట్టె రాకముందే పోయిందో, పుట్టుకతోనే లేదో. డాక్టరుకు చూపిద్దాం. సోమవారం నేనే వచ్చి తీసుకెళ్తాను.”

ఆమె బదులు చెప్పేలోపే కరెంటు వచ్చింది. పక్క ఇళ్ల మగ్గాలన్నీ మొదలయ్యాయి. సుజాత మాత్రం స్విచ్ వేయలేదు. పాపను ఎత్తుకుని గడప మీద కూర్చుని, చెవికి నోరు ఆనించి పిలుస్తూనే ఉంది. నాకు వినబడలేదు. ఆమె పెదవులు మాత్రం కనిపించాయి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే అడిగింది: “బిడ్డ బాగా నిద్రపోతాండాదా?” అవునన్నాను. అది అబద్ధం కాదు.

సోమవారం బెంగళూరులో ఒక ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేశారు. రెండు చెవులూ వినిపించవు. కారణం ఇప్పుడు తేల్చలేమన్నారు. ముందు చెవికి మిషన్ పెట్టి చూడాలి, ఫలితం లేకపోతే ఆపరేషన్ సంగతి. ఇంకా ముందే తెచ్చి ఉండాల్సిందన్నారు. తిరుగు బస్సులో హాసిని కిటికీ పక్కన నిలబడి, ఎదురొచ్చే లారీలను చూసి చేతులూపింది.

మా బోర్డు ఇంకా కాలేజీ వరండాలోనే ఉంది. దాని మీద రాసిందంతా నిజమే, హాసిని నిద్ర లేవదు. కానీ ఎందుకు లేవదో మా ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు. మా పెట్టె పనిచేసిందనే అనుకున్నాం. పెట్టెలు ఇవ్వాల్సిన పది ఇళ్లలో పిల్లలకు చెవుల పరీక్ష అయ్యేదాకా కొత్త పెట్టెలు వద్దని కాలేజీకి చెప్పాను. బోర్డు తీసేయమని కూడా అడిగాను. ఇంకా తీయలేదు.

మీరూ ఇలాంటి పని మీద మగ్గాల ఇళ్లకు వెళ్లేట్టయితే, అక్కడ కరెంటు ఏ వేళకు పోతుందో ముందే కనుక్కుని ఆ సమయానికి అక్కడ ఉండండి. మగ్గాలు ఆగగానే, ఇంట్లో చంటిపిల్లలుంటే, వెనక నుంచి ఒకసారి పేరు పెట్టి పిలవండి.