అమ్మ ఫోటోలో బొట్టు

అమ్మ ఒక్కతే ఉన్న ఫోటో మా ఇంట్లో ఒకటే ఉంది. అదీ రీలు పూర్తి చెయ్యడానికి తీసినది. చెల్లెలి పెళ్ళయిన మర్నాడు కెమెరాలో ఇంకొకటి మిగిలింది. అది కూడా తీసేస్తే అమలాపురం స్టూడియోలో కడగడానికి ఇచ్చెయ్యొచ్చని తమ్ముడు పెరట్లోకి వచ్చాడు. అమ్మ చేతులకు నూనె రాసుకుని కత్తిపీట ముందు కంద కోస్తోంది.

"నన్నెందుకురా? ఆ గేదెని తియ్యి, కదలకుండా నిలబడింది."

అంతలోనే తమ్ముడు నొక్కేశాడు. అందుకే ఫోటోలో అమ్మ నోరు తెరిచి ఉంది. కుంకుమ బొట్టు ఎడమవైపుకి కాస్త ఒరిగి ఉంది.

అప్పటికి నాన్న పోయి నాలుగేళ్ళు. పదో రోజున అమ్మ బొట్టు తుడిచేశారు. నెల తిరక్కుండా మళ్ళీ పెట్టుకుంది. సంగతి తెలిసి నాన్న అక్క, మా పెద్దత్తయ్య, కొత్తపేట నుంచి వచ్చి నిలదీసింది.

"అది లేకపోతే అద్దంలో మొహం నాది కాదండి వదినగారూ. ఈ వయసులో కొత్త మనిషితో నేను వేగలేను" అంది అమ్మ.

అత్తయ్య మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళో పెళ్ళిపిలుపులకు వచ్చే ఆడవాళ్ళు కుంకుమ భరిణె కొంగు చాటున దాచుకుని, అమ్మకు మాత్రం నోటితో చెప్పేవారు. "పర్లేదండి, నాది నేను పెట్టుకున్నాను" అనేది అమ్మ.

అమ్మ పోయాక పెద్దకర్మకు ఫోటో కావాలని పెదనాన్నగారు దాన్ని స్టూడియోకి తీసుకెళ్ళారు. ఎందుకో అనుమానం వచ్చి వెనకాలే వెళ్ళాను. అప్పుడే కొత్తగా పెట్టిన కంప్యూటరు తెర మీద అమ్మ నుదురు ఖాళీగా ఉంది. నోరు ముయ్యడం ఒక్కటే మిగిలింది.

"బొట్టు ఎందుకు తీయించేరండి?"

"పదిమందీ వచ్చే రోజమ్మా. చూసి ఏమనుకుంటారు?"

"బతికుండగా చూసినవాళ్ళేగా అండి."

"పెట్టమంటే పెట్టేస్తానండి" అన్నాడు స్టూడియో అతను. "గుండ్రంగా, సరిగ్గా మధ్యకి పెడతాను. బాగుంటాదండి."

"మధ్యకి వద్దు. అసలు ఫోటోనే పెద్దది చెయ్యండి."

అతను పెదనాన్నగారి వైపు చూశాడు. ఆయన కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయారు. బతికుండగా అడిగి, జవాబు విని వెళ్ళినవాళ్ళే వీళ్ళంతా. ఇప్పుడు ఆవిడ జవాబు చెప్పదు కనుక తుడిచేద్దామనుకున్నారు.

పెద్దకర్మ రోజున ఫోటో కుర్చీలో పెట్టాం. పెదనాన్నగారు బంతిపూల దండ తెచ్చి, సరిగ్గా నుదుటి మీదుగా వచ్చేలా వేశారు. నేను పక్కకి జరిపాను. భోజనాల వేళకు దండ మళ్ళీ నుదుటి మీద ఉంది. మళ్ళీ జరిపాను.

"జారిపోతోంది కదే అమ్మాయ్, వదిలెయ్యరాదూ" అంది అత్తయ్య.

"జారడం లేదండి. జారుస్తున్నారు" అన్నాను, భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళకు వినపడేలా. ఒకరిద్దరు తలెత్తి ఫోటో వైపు చూశారు. చూడనీ అనుకున్నాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి దండ మళ్ళీ దిగి ఉంది. ఈసారి జరపలేదు. తీసుకెళ్ళి పాకలో గేదె ముందు వేశాను. అమ్మ ఫోటోకి ఇవాళ్టికీ దండ లేదు.