నోట్సులో లేని జవాబు

మా తొమ్మిదో తరగతప్పుడు... యూనిట్ టెస్టుకు రెండు రోజుల ముందు తెలుగు సారు అందరి నోట్సులూ దిద్దడానికని తీసుకుని స్టాఫ్ రూమ్ బీరువాలో పెట్టారు. మర్నాడు పొద్దున్నే బంద్. తర్వాత ర్యాలీ, మళ్ళీ బంద్... తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలన్నీ షట్టర్లు దించేశాయి. బడి పది రోజులు తెరవలేదు. మా నోట్సులు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి.

తెలుగు పరీక్షంటే మాకు నోట్సే. పాఠ్యపుస్తకానికి అట్ట వేసేవాళ్ళం, పేరు రాసేవాళ్ళం, దసరాకు పూజలో పెట్టేవాళ్ళం... చదివిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. సారు రాయించిన జవాబును కామాలతో సహా బట్టీ పట్టాలి. "సొంత మాటల్లో రాయండి" అని ప్రశ్నలోనే ఉండేది. ఆ సొంత మాటలు కూడా సారే రాయించేవారు.

యూనిట్ టెస్టుల మార్కులు కలిపి పదో తరగతిలో సెక్షన్లు చేసేవారు. 'ఏ' సెక్షన్‌కు మంచి లెక్కల సారు, పొద్దున స్పెషల్ క్లాసులు. బీ సెక్షన్ వాళ్ళు పాసైతే చాలనుకునేవారు. నాకు ఆ 'ఏ' సెక్షనే కావాలి.

సారు దగ్గర ట్యూషన్‌కు పోయే పిల్లలకు నోట్సు జిరాక్స్ అందిందని తెలిసింది. ఎల్బీ నగర్ నుంచి కొత్తపేట దాకా నడిచి, మా క్లాసమ్మాయి ఇంటికి వెళ్ళి అడిగాను.

"సారు ఎవ్వరికి ఇయ్యొద్దన్నడే" అంది, తలుపు సగం మూసి.

ఇక చేసేది లేక పాఠం చదివాను. మొదటిసారి.

కరువుకు ఊరు విడిచి పోతున్న ఒక ముసలామె కథ అది. మూటలు బండికెక్కించాక, ఆమె మళ్ళీ దిగి ఇంటి ముందు ముగ్గు వేస్తుంది. ఎందుకు వేసింది? అదే ఐదు మార్కుల ప్రశ్న. నాకు అంతుపట్టలేదు. మా నాయిన ఆర్టీసీ డ్రైవర్. బస్సులు నడవక ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్ని అడిగాను.

పుస్తకం తీసుకుని మొత్తం చదివాడు.

"మేం నల్గొండ దిక్కు మా ఊరు ఇడిసినప్పుడు మీ నాయినమ్మ గూడ గిట్లనే చేసింది బిడ్డా. తాళమేసినంక గడపకు పసుపు రాసింది. ఎందుకే అంటే, ఇంట్ల మనుషులు లేరని ఎవ్వరు అనుకోవద్దు అన్నది."

బడి తెరిచిన రోజే, నోట్సులు తిరిగి ఇవ్వకుండానే టెస్టు పెట్టేశారు. నేను నాయినమ్మ గురించి పేజీన్నర రాశాను. అంత ఇష్టంగా ఏ పరీక్షా రాయలేదు.

పేపర్లు ఇచ్చారు. ఆ పేజీన్నర మీద అడ్డంగా ఎర్రగీత. ఐదుకు సున్నా.

"సార్, పాఠం చదివే రాసిన" అన్నాను.

"పాఠం ఎవరు సదవమన్నరమ్మా నిన్ను? నోట్సుల ఏమున్నది? సంస్కృతీ సంప్రదాయాల పట్ల గౌరవం అని ఉన్నది. మీ నాయినమ్మ ముచ్చట నేనడిగిన్నా?"

సారుదీ నల్గొండే. అదే సాయంత్రం ఎల్బీ నగర్ దీక్షా టెంట్‌లో మైకు పట్టుకుని, "మన గోస మన నోటితోటి మనమే చెప్పుకోవాలె" అంటున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. చెప్పేవి శ్రీరంగ నీతులు...

పేపర్ మీద తండ్రి సంతకం తప్పనిసరి. నాయిన ఆ ఎర్రగీత కింది మాటలన్నీ చదివాడు. "గిది తప్పా బిడ్డా?" అని అడిగాడు. నేను పెన్ను అందించాను. సంతకం పెట్టాడు.

ఏడాది చివర నాలుగు మార్కులు తక్కువై బీ సెక్షన్‌లో పడ్డాను. జాబితా చూసొచ్చి చెబితే నాయిన తల దించుకున్నాడు.

"నా వల్లనే పోయింది. నేను జెప్పకుంటే నువ్వు రాయకపోదువు."

సెక్షన్ పోయినందుకు కోపం ఎప్పుడో తగ్గింది. మా నాయిన చేత ఆ మాట అనిపించినందుకు మాత్రం... ఇన్నేళ్ళయినా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

రాష్ట్రం వచ్చింది. ఎల్బీ నగర్‌కు మెట్రో వచ్చింది. మొన్న మా అమ్మాయి తెలుగు పరీక్షకు చదువుతుంటే చూశాను. నోట్సు పోయి పీడీఎఫ్ వచ్చింది. "పుస్తకం ఏదే?" అంటే, "అది అక్కర్లేదమ్మా" అంది.

మీ జవాబుల్లోనూ ఎర్రగీత కింద పోయిన మనుషులు ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... నేను ప్రతి ఒక్కటీ చదువుతాను. మా నాయినకూ చదివి వినిపిస్తాను. తప్పు తనది కాదని నేనెన్నిసార్లు చెప్పినా ఆయన ఇంకా నమ్మలేదు.