ఐసులో పెట్టిన మందు

ఈమధ్య నాకు షుగరొచ్చింది. మొన్న బందరులో మందుల షాపాయన నా చేతికి ఇన్సులిన్ సీసా ఇచ్చి, "ఫ్రిజ్ తలుపులో పెట్టుకోండి. గడ్డ మాత్రం కట్టనివ్వకండి" అన్నాడు. మామూలుగానైతే ఎవరినో ఒకరిని ఆటపట్టించకుండా నేను షాపు మెట్టు దిగను. ఆ రోజు సీసా పట్టుకుని తిన్నగా దిగొచ్చేశాను. బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క మొగుడు. గిలకలదిండి రేవు నుంచి ఇద్దరం ఒకే బోటులో చేపల వేటకెళ్ళేవాళ్ళం. అతనికి షుగరొచ్చి, సూది మొదలుపెట్టాక వెళ్ళిన మొదటి వేటలో జరిగిందిది. మందుని చల్లగా ఉంచాలన్నారు. ఆరో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: ఎంత ఐసు తగిలితే సరుకు అంత తాజా. మేలురకం రొయ్యల్ని దాచేచోట, ఉప్పు కలిపిన ఐసు అడుగున సీసాని పాతిపెట్టాను. తెల్లారి చూస్తే రాయి. "మందుక్కూడా చలి పుట్టించావు గదరా బామ్మర్దీ" అని నవ్వుతూ బావ దాన్ని అరచేతుల మధ్య కరిగించి పొడుచుకున్నాడు.

మర్నాటికి ఒకటే దాహం, నీరసం. నీరసమంటే మాకు గ్లూకోజు పొట్లమే. "నాకు షుగరు గదరా" అన్నాడు. "నడిసముద్రంలో డాక్టరు చూడొచ్చాడా, తాగెయ్ బావా" అని నేనే కలిపి పట్టాను. మూడోనాడు వాంతులు, ఎగశ్వాస, నోటినుంచి మాగిన పండు వాసన. బోటు తిప్పేశాం. ఒడ్డు చేరేదాకా అతని తల నా ఒళ్ళోనే ఉంది.

ఆసుపత్రిలో గండం గడిచిందన్నాక, ఇంటర్ చదివే మేనకోడలు మంచం పక్కన నిలబడి చెప్పింది. "ఒంట్లో కణాలు గ్లూకోజుని ముక్కలు చేసి, మనం పీల్చే ఆక్సిజన్‌తో మండించి శక్తి తీస్తాయి మావయ్యా. నాన్న రక్తం నిండా గ్లూకోజే, కానీ ఇన్సులిన్ లేందే అది కణాల్లోకి వెళ్ళదు. ఆకలికి కొవ్వుని కాల్చుకున్నాయి. ఆ వాసన అదే."

డ్రమ్ముల నిండా డీజిలుండి ఇంజనుకి చుక్క అందకపోతే, బోటు చెక్కలే పీకి కాల్చుకున్నట్టన్నమాట. పైగా నేను పోసింది ఇంకో డ్రమ్ము.

"గడ్డకడితే మందు పనిచెయ్యదు. అసలు ఐసులో పెట్టిందెవరు?" అంది. అక్క కూడా నావైపే చూస్తోంది.

"ఇంకెవరు, మీ నాన్నే. పండుగప్ప చేప అనుకున్నాడేమో" అనేశాను. ఎవరూ నవ్వలేదు. బావ కళ్ళు తెరవకుండానే, "అవునమ్మా, నేనే" అన్నాడు.

నిజం రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాకుండానే కొన్నేళ్ళకి బావ పోయాడు. "మందు ఐసులో పెట్టుకుని చేజేతులా చేసుకున్నాడు, మతిలేని మనిషి" అని అక్క ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. పక్కనే కూర్చుని నేను తలూపుతాను. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నా అబద్ధాన్ని మాత్రం నిజం చేసి కూర్చోబెట్టింది.