ఫోనుకి కుళాయి వేళలు

మా నాన్న ఒడిశాలోని రాయగడ మున్సిపాలిటీలో కుళాయిల వాల్వు తిప్పేవాడు. పొద్దున ఆరింటికి గంటసేపు, సాయంత్రం ఐదింటికి గంటసేపు. జ్వరమొచ్చినా, కుంభవృష్టి కురిసినా ఆ వేళ తప్పేది కాదు.

అలాంటి మనిషి చేతికి సెకండ్‌హ్యాండ్ సెల్‌ఫోను వచ్చింది. కొండవారనున్న మా పేటలో సిగ్నల్ ఒక్క గీత వస్తే పండగే. టవరును వెతికి వెతికి ఫోను వేడెక్కేది, పొద్దున నిండుగా ఉన్న చార్జింగు సాయంత్రం దాకా ఆగేది కాదు. నాన్న రెండురోజులు చూసి తీర్పు చెప్పేశాడు.

"ట్యాంకీలో నీళ్లున్నాయని రోజంతా కుళాయి ఇప్పేసి ఒగ్గేస్తామేటి? దీనికీ టైం పెట్టాల."

అవే వేళలు. మిగతా పొద్దంతా ఫోను ఆఫ్. చుట్టాలందరికీ కబురెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయేది. కానీ ఒకే చార్జింగు నాలుగురోజులు వచ్చేది, ఒప్పుకోవాలి. తర్వాత నేను సెల్ రిపేరు నేర్చుకుంటున్నప్పుడు తెలిసింది: బ్యాటరీ ఆదా కోసం ఫోను తనే కునుకు తీస్తూ, టవరుతో అనుకున్న వేళకి లేచి, నాకేమైనా ఉందా అని చూసుకుని మళ్లీ పడుకుంటుందట. ఇంజనీర్లకి మా నాన్నేం తీసిపోలేదు. వాళ్లు క్షణాల్లో లేపుతారు, ఈయన పూటకోసారి లేపేవాడు, అంతే తేడా.

ఆ ఫోను వేళల రోజుల్లోనే అక్కకి తొలి కాన్పు. పురిటికి మా ఇంటికి రావలసింది, బీపీ ఎక్కువైందని అత్తవారి ఊరు కొట్‌పాడ్ నుంచి అటే కొరాపుట్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పొద్దున ఆరింటి ఫోనులో బావ చెప్పాడు, కబురు మళ్లీ చెప్తానన్నాడు. అమ్మకి కాలూచెయ్యీ ఆడలేదు.

"పుట్టే పిల్లకి నీ టైం తెలుసేటి? ఇయ్యాల ఫోను ఆపీకు," అంది.

నాన్న ఏడింటికి ఫోను ఆపలేదు. ఫోను అరచేతిలో పెట్టుకుని, నిమిషానికోసారి వెలిగించి చూసుకుంటూ కూర్చున్నాడు. నాలుగున్నరకి అది కుయ్యిమని ఆరిపోయింది. ఊళ్లో కరెంటు లేదు. జనరేటరున్న కొట్టు కోసం చార్జరు పట్టుకుని వీధులన్నీ తిరిగాడు. ఐదు దాటింది, వాల్వు సంగతే మరిచాడు. ఖాళీ బిందెలతో ఆడవాళ్లు ఒడియాలోనూ తెలుగులోనూ తిట్టిపోశారు.

ఆరున్నరకి కరెంటొచ్చింది. చార్జింగు పెట్టి ఆన్ చేశాడో లేదో మోగింది. ఆసుపత్రి ఎదురుగా ఉన్న టెలిఫోను బూత్ నుంచి బావ.

"మావయ్యా, మీరు బాగున్నారా? మద్దేన్నమే కాన్పయిపోనాది, ఇద్దరూ బాగున్నారు. అప్పుడే ఫోన్ సేద్దామంటే మీ అమ్మాయి ఐదింటికి సెయ్యమంది. ఐదు కాణ్నించి సేస్తంటే ఆఫనే వస్తంది. మా నాన్న టైం తప్పడు, ఏటో అయిపోనాదని ఒకటే ఏడుపు."

నాన్న ఫోను చెవికి అదిమిపట్టాడు. "నాకేటైంది బాబూ, బాగున్నాను. ముందెళ్లి దానికి సెప్పు, ఏడవొద్దను."

మాట అయిందో లేదో, అలవాటుపడిన వేలు ఫోను ఆఫ్ చేసేసింది.

"ఆడపిల్లా, మగపిల్లడా?" అంది అమ్మ.

నాన్న నావైపు చూశాడు. ఆ సంగతి బావని అడగనేలేదు. మాది ఇన్‌కమింగ్ ఫోనే, మేం తిరిగి చేసే వీల్లేదు, బావ బూత్‌లోంచి వెళ్లిపోయే ఉంటాడు. "రేపారింటికి తెలుస్తాదిలే," అని వాల్వు తిప్పే తాళం పట్టుకుని పారిపోయాడు. అమ్మ తిట్లు వీధి చివరిదాకా ఆయన వెంట వెళ్లాయి.

పాప అని మర్నాడు తెలిసింది. కాన్పు కబురొచ్చిన ఆ సాయంత్రం మాత్రం మా పేటలో బిందెలు నిండి, గాబులు నిండి, నీళ్లు వీధిలోకి పారుతున్నా, గంట దాటిపోయినా నాన్న వాల్వు కట్టలేదు.