తనను తానే నమ్మని అప్పలరాజు మాస్టారు

ఫుట్‌బాల్ శిక్షకులు అప్పలరాజు మాస్టారు దివంగతులయ్యారని కంచరపాలెం నుంచి ఫోన్ వస్తే నేను నమ్మలేదు. కళ్లతో చూడందే ఏ మాటా నమ్మొద్దని నేర్పింది ఆయనే మరి. వెళ్లి చూశాను. ఆ నిశ్చల వదనంలోనూ ఒక కనుబొమ్మ కాస్త పైకే ఉంది, యముడి మాట మీద కూడా గురి కుదరనట్టు.

పగలు పోర్టులో కొలువు, సాయంత్రం గాజువాకలోని మా అకాడమీలో పిల్లలకు ఆట నేర్పడం. జీవితాంతం అదే ఆయన తపస్సు. పదమూడేళ్లని చెప్పుకున్న కుర్రాడి గడ్డం నిమిరి చూసేవారు, నున్నగా గీసుకొచ్చాడేమోనని. తండ్రి వచ్చి కొడుకుని పొగిడితే ఆ కొడుక్కి ఆ వారం బెంచీయే గతి.

ఎంపికల ముందు పిల్లలు దెబ్బలు దాచుకుంటారు. అందుకని అందర్నీ బీచికి తీసుకుపోయి తడి ఇసుక మీద నడిపించేవారు. నొప్పి ఉన్న కాలి మడమ లోతుగా దిగదు. "నోరు అబద్దం సెప్తాది, మడమ సెప్పదు" అనేవారు.

నాకు పదిహేనేళ్లప్పుడు కోల్‌కతాలో ఒక పెద్ద అకాడమీకి మా దగ్గర్నుంచి ఒక్కణ్ణే పంపాలి. అందరూ నా పేరే అనుకున్నారు.

"నొప్పేటైనా ఉందేట్రా?"

"లేదు మాస్టారూ."

"ఏదీ, నడు."

నా కుడి మడమ సరిగా దిగలేదు. నన్ను ఆపేసి తన మేనల్లుణ్ణి పంపారు. ఊరు గుసగుసలాడింది. మా నాన్న చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. సీతమ్మధార డాక్టరు మాత్రం నా మోకాలు చూసి, ఇంకొన్నాళ్లు ఆడుంటే ఆటే పోయేదన్నాడు. అయినా నా అనుమానం చావలేదు. మోకాలు నిజమే, మరి మేనల్లుడే ఎందుకు? తర్వాత ఆయన దగ్గరే సహాయకుడిగా చేరినా ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

మొన్నటి వానాకాలంలో బంతులు సంచిలో వేస్తూ అడిగేశాను. "మాస్టారూ, అప్పుడు నన్ను ఆపింది నా కాలు చూసా, మీ వాడి కోసమా?"

ఆయనకు కోపం రాలేదు. "నాను కూడా ఇన్నేళ్లూ నన్ను నాను అదే అడుగుతన్నాను బాబూ. నీ మడమ సూసి బాధేసింది. లోపల కూసింత సంతోషం కూడా ఏసింది. అదెందుకేసిందో ఇప్పటికీ తెలడం లేదు." సంచి మూతి బిగించి, "సొంతోళ్లని ఎంచేటప్పుడు నిన్ను నమ్మనోడ్ని ఒకణ్ణి పక్కన ఎట్టుకో" అన్నారు.

సంతాప సభలో ఆయన్ని నీతికి నిలువుటద్దమన్నారు. ఉండుంటే ఆ మాటనీ శంకించేవారు. తన నీతినే శంకించిన మనిషిని నేను మరొకర్ని చూడలేదు. ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కుతున్నాను.

వచ్చే వారం మళ్లీ ఎంపికలు. ఈసారి వరసలో నా కొడుకూ ఉన్నాడు. ఇసుక మీద వాడి అడుగు చూసి తేల్చాల్సింది నేనే. నన్ను నమ్మని మనిషి కోసం అకాడమీ అంతా వెతికాను. అందరూ నన్ను నమ్ముతున్నారు.