కొమురవ్వ అడిగిన ఇనాం

కేసు గెలిచామన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఊరి ఆశా కార్యకర్త స్వరూప. ఇప్పటికీ పొద్దున్నే దేవుని ముందు నీళ్లు పెట్టేటప్పుడు ఆమె గొంతే చెవిలో మోగుతుంది. నీళ్లు పెట్టేది ఒక స్టీలు చెంబుతో. చల్లటి ఆ చెంబు అంచు కింద నా బొటనవేలికి గరుకుగా అక్షరాలు తగులుతాయి: 'కొమురవ్వ నాటు ముఠా, ఇనాం'. వాటి కింద ఒక తేదీ. ఆ రోజే నా కుడి పాదం పోయింది.

లింగాల ఘనపూర్ దగ్గర మా ఊరు. వరి నాట్లు వేసే పన్నెండు మంది ఆడవాళ్లకు కొమురవ్వ పెద్ద. ఆమెకు అక్షరం రాదు. నేనూ బడి మొహం చూసినదాన్ని కాదు. అమ్మ చాటలో ఇసుక పోసి, నా వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నా చదువు. అందుకు అమ్మకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. "మా ముఠాల కలెక్టరమ్మ ఉన్నదుల్లా!" అని కొమురవ్వ నన్ను ఆటపట్టించేది. నాట్లప్పుడు దారిన పోయేవాళ్ల కాళ్ల ముందు నారు కట్ట పెట్టి ఇనాం అడగడం మా దగ్గర ఆనవాయితీ. నాకేమో సిగ్గు. అడుక్కున్నట్టుంది అవ్వా అంటే ఆమెకు కోపం వచ్చింది. "అడుక్కునుడేందే? ఆళ్లు తినే బువ్వ మనం నాటుతున్నం. జరసేపాగి, మన మొఖాలు చూసి పోవాలె."

ఆ రోజు ఆమె ఆపింది యాకూబ్‌ను. మానుకోట నుంచి మోపెడ్ మీద ఊరూరా తిరిగి గిన్నెలు అమ్మేవాడు.

"పైసలు లెవ్వవ్వా, ఇంకా బోణి గాలె," అన్నాడు.

"పైసలెవలడిగిండ్రు? గా చెంబియ్యి. ఉత్తగ గాదు, మా పేరు కొట్టియ్యి."

అతను నవ్వుకుంటూ మడి ఒడ్డు మీద కూర్చుని చిన్న ఉలి, సుత్తి తీశాడు. కొట్టడం అయ్యాక, తప్పు పోయిందేమో చూడమన్నాడు. మోకాళ్ల లోతు బురదలోనే నిలబడి నేను తేదీతో సహా పైకి చదివాను.

"ఏ బడిల చదివినవ్ చెల్లె?"

"మా అమ్మ బడిల," అన్నాను. మడంతా నవ్వులే.

పగటి బువ్వలు తిని లేచేసరికి పక్క మడిలో ట్రాక్టర్ ఇనుప చక్రాలతో దున్నుతోంది. నేను ఒడ్డెక్కి నారు కట్ట చేతిలోకి తీసుకున్నాను. డ్రైవర్ చూసుకోకుండా వెనక్కి తిప్పాడు. మెత్తటి ఒడ్డు నా కింద జారిపోయింది. మళ్లీ కళ్లు తెరిచింది జనగామ దవాఖానలో.

మూడో రోజు పొలం ఆసామి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ట్రాక్టర్ కూడా ఆయనదే. నేను కూలికి రాలేదనీ, గడ్డి కోసుకోవడానికి వచ్చాననీ అందులో ఉంది. వేలిముద్ర వేస్తే దవాఖాన ఖర్చు తానే పెట్టుకుంటానన్నాడు. కేసైతే భూమి పోతుందని ఆయన భయం. ఇంటికి బరువవుతానని నా భయం. నా చెయ్యి లేచింది కూడా. కొమురవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"పటేలా, మా పిల్లకు సంతకం వచ్చు, ఏలుముద్ర ఎందుకేస్తది? గడ్డికొచ్చినామె చేతిల నారు కట్ట ఎట్లుంటది?"

పని చేస్తూ యంత్రం కింద పడితే వ్యవసాయ కూలీకి కూడా నష్టపరిహారం వస్తుందని స్వరూప చెప్పింది. కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు నేనే రాశాను. విచారణలో ఆసామి మళ్లీ గడ్డి మాటే చెప్పాడు. మా వాళ్లంతా సాక్ష్యం చెబితే, ట్రాక్టర్ బీమా తరఫు వకీలు, "అందరూ ఒక్క ముఠావాళ్లే. బయటి మనిషి ఒక్కరు చూశారా?" అన్నాడు. పక్కనుంచి కొమురవ్వ నా చెవిలో, "చెంబు!" అన్నది.

బస్సు బోర్డు చదవలేని మనిషి ఆ చెంబు కొంగులో కట్టుకుని మానుకోట పోయింది. గిన్నెల దుకాణాల్లో చూపించి, "గీ అక్షరాలు కొట్టినోడు ఏడున్నడు?" అని అడిగింది. అతని చేతి రాతను ఒక దుకాణంవాళ్లు గుర్తుపట్టారు. యాకూబ్ భూపాలపల్లి జిల్లాకు, మహదేవపూర్‌కు మకాం మార్చాడట. అక్కడికీ పోయింది. నాలుగో రోజు అతన్ని వెంటబెట్టుకునే వచ్చింది.

"రోజుకు ఎంతోమందిని చూస్తావు, ఈమె ఎలా గుర్తుంది?" అన్నాడు వకీలు తర్వాతి వాయిదాలో.

"ఏండ్ల సంది పేర్లు కొడుతున్న సారూ. బురదల నిలవడి నేను కొట్టింది నాకే సదివి ఇనిపిచ్చింది గీ చెల్లె ఒక్కతే," అని యాకూబ్ చెంబు బల్ల మీద పెట్టాడు.

అధికారి తేదీ చూసి ఆసామి వైపు తిరిగాడు. ఆసామి చెంబు అందుకుని ఆ అక్షరాలు చూశాడు. చివరికి, "కూలికే వచ్చింది సార్," అన్నాడు. ఆ ఒక్క మాట చెప్పినందుకు నేను ఆయన్ని కూడా నా దండంలో కలుపుకుంటాను.

స్వరూప చెప్పులైనా విప్పకుండా వాకిట్లోంచి, "భాగ్యక్కా, ఆర్డరొచ్చింది! బీమావోళ్లు ఇయ్యాల్నట!" అని అరిచిన పొద్దున, మావాళ్లు నాట్లలో ఉన్నారు. కొత్తగా పెట్టించుకున్న పాదంతో తడబడుతూ పొలానికి పోయాను. కొమురవ్వ బురదలోంచి వచ్చింది. నారు కట్ట తెచ్చి ఆ కొత్త పాదం ముందు పెట్టింది.

"ఇనాం!"

"ఏమియ్యాలె అవ్వా?" ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నీ పైసలు నాకెందుకే? నీ రాత గావాలె. రేపటి సంది ఎవలు ఏ పొలంల దిగినా ముందుగాల పేరు రాయి. ఇంకో చెంబు పట్టుకొని మహదేవపూర్ దాక నేను తిరగలేను!"

ఆ ఇనాం ఇంకా ఇస్తూనే ఉన్నాను. పొద్దున దీపం పెట్టాక నోటు పుస్తకం పట్టుకుని ఒడ్డు మీద నిలబడతాను. పేరు, పొలం, తేదీ. ఆ తర్వాతే మావాళ్లు బురదలో కాలు పెడతారు. పోయినేడు మా ముఠాలో ఒకామెకు చెయ్యి విరిగితే, ఆ పుస్తకం చూసి ఎవరూ గడ్డి మాట ఎత్తలేదు. బచ్చన్నపేట దిక్కు నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి ఎలా రాయాలో చూసి పోయారు.

కొమురవ్వ ఈ ఎండాకాలం నిద్రలోనే కన్నుమూసింది. ఆమెకు చివరిదాకా అక్షరం రాలేదు, చెంబు మీద తన పేరు ఎక్కడుందో మాత్రం వేలితో తడిమి చెప్పేది. నాట్ల కాలంలో మీ దారిలో ఎవరైనా నారు కట్ట పెడితే, ఇవ్వగలిగింది ఇవ్వండి. లేకపోతే ఉత్త చేతులతోనే పోండి. కానీ ఒక్క నిమిషం ఆగి వాళ్ల మొహాలు చూడండి. చూసినప్పుడు మా కొమురవ్వను తలుచుకోండి.