గుమ్మడికాయ మీది సిరా గీతలు

కూర వండి కంప్యూటరును నెల రోజులు ఏడిపించిన ఆడది ఈ నర్సీపట్నంలో ఎవరైనా ఉందంటే అది నేనే. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, నాకూ కంప్యూటరుకూ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను. అదే కొంప ముంచింది.

ఎనభైల నాటి మాట. మా మరిది ప్రసాదు విశాఖపట్నంలో పెద్ద చదువు చదివేవాడు. మనిషి తలను చుట్టూ ఎక్సరేలు తీసి, ఆ లెక్కలన్నీ కంప్యూటరుకు ఇస్తే, కోసి చూసినట్టుగా లోపలి బొమ్మ వస్తుందట. అందరి ప్రోగ్రాముకూ పూట పట్టే పని తను రాసిన ప్రోగ్రాము కాఫీ తాగేలోగా చేసేస్తుందని మా వాడి ధీమా. పరీక్షకు తల ఎవరిస్తారు? అందుకని వాళ్ల మాస్టారు ఒక గుమ్మడికాయ ఇచ్చారు. మామూలు ఎక్సరేలో గింజల మధ్య పోల్చుకోలేని వస్తువేదో అందులో దాచి, తొడిమ దగ్గర మూసేశారట. అదేమిటో కొయ్యకుండా చెప్పాలి. చెబితే ప్రోగ్రాము నెగ్గినట్టు, లేకపోతే చదువు ఇంకో ఏడాది. ఈ దాచిన సంగతి నాకు తెలిసింది అంతా అయ్యాకే.

ఇక్కడి ఎక్సరే డాక్టరు స్నేహితుడు కావడంతో కాయను మా ఇంటికే తెచ్చాడు. దాని మీద పైనుంచి కిందికి సిరాతో గీతలు గీసి, ఆ డాక్టరు దగ్గర గీతకొక ఎక్సరే ఫొటో చొప్పున తిప్పుతూ తీశాడు. సగంలో ఫిల్ములు అయిపోయాయి.

"వదినా, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సగమే అయింది."

"ఏటి సగం? కాయ నిండుగానే ఉంది గదా."

"ఫొటోలు వదినా. ఫిల్ములు తెచ్చి రేపు బేగి వచ్చేస్తాను," అని బస్సెక్కాడు.

వాడు అటు వెళ్లాడో లేదో, రావికమతం నుంచి మా తమ్ముడు అప్పన్న పెళ్లాం పిల్లలతో దిగాడు. సంత రోజు కాదు, ఇంట్లో వంకాయ ముక్క లేదు. వంటింటి మూలన మాత్రం ఆ గుమ్మడికాయ జమీందారులా చారల చొక్కా తొడుక్కుని కూర్చుని ఉంది. ఊరికే కూర్చున్న కాయను చూస్తే నాకు ఒళ్లు మంట. గుమ్మడికాయకు గుమ్మడికాయ తెచ్చి పెడితే సరిపోదా?

నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్లు మొదటి వేటు వెయ్యకూడదు కనుక కత్తి తమ్ముడికిచ్చాను.

"ఏటప్పా, ముక్కలకి గీతలు కూడా గీసుంచినావు?"

"మరిది గీసినాడు. నువ్వు బేగి కొట్రా, పొయ్యి మండిపోతంది."

గీత తప్పకుండా కొట్టాడు. గింజలు తీస్తుంటే నల్లటి కోటు బొత్తాం ఒకటి చేతికి తగిలింది. తమ్ముడి చొక్కా చూశాను, అన్నీ ఉన్నాయి. దొరికిన బొత్తాన్ని పారేసే వంశం కాదు మాది. కడిగి, ప్రసాదు మంచి చొక్కాకు ఒకటి ఊడిపోయి ఉంటే కుట్టేశాను. మిగతావి తెల్లవే, అయితేనేం?

సాయంత్రం పక్కింటి పాదు నుంచి అదే సైజు కాయ అడిగి తెచ్చి, తీసి ఉంచిన తొక్కలు చూసుకుంటూ సిరాతో గీతలు గీశాను. నా జన్మలో అంత శ్రద్ధగా పలక మీద కూడా గీయలేదు. మర్నాడు ప్రసాదు వచ్చి, మిగిలిన పులుసుతో అన్నం తిని, ఇంకో గరిటె వేయించుకుని, మిగతా ఫొటోలు తీసుకుని విశాఖ వెళ్లిపోయాడు.

నెల తర్వాత వచ్చాడు, మొహం పీక్కుపోయి. బొమ్మ రావడం లేదట. ఒక కాయ మీద ఇంకో కాయ కూర్చున్నట్టు మసక మసకగా ఉందట. ప్రోగ్రాములో తప్పెక్కడుందో రోజూ వెతుకుతున్నాడట. శుక్రవారంలోగా సరికాకపోతే దాన్ని పక్కన పడేయమన్నారట మాస్టారు. వాడు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోతే నాకూ ముద్ద దిగలేదు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మజ్జిగ వడ్డించాను. చివరికి ఆ మంచి చొక్కా ఇస్త్రీ చేసి తొడిగి పంపాను.

శనివారం గుమ్మంలోనే నిలబడ్డాడు. చొక్కాకు బొత్తాం లేదు.

"వదినా, ఇక్కడ కుట్టిన బొత్తాం నీకెక్కడిది?"

"దొరికింది."

"ఎక్కడ?"

"గుమ్మడికాయలో."

"మరి నేను ఫొటోలు తీసింది?"

"సగం ఆ కాయకి. సగం పక్కింటోళ్ల కాయకి."

"ముందుదేటయ్యింది?"

"ఏటవుతాది? ఇంకో గరిటె వెయ్యమన్నావు గదా."

వాడు గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. మాస్టారు బొమ్మ వంక చూడనేలేదట. వీడి గుండెల మీదే చూస్తూ, తన పాత కోటు బొత్తాం అక్కడికెలా వచ్చిందని అడిగారట. ఆ తర్వాత అదే బొత్తాం ఇంకో కాయలో దాచి మళ్లీ చేయిస్తే కాఫీ చల్లారకముందే బొమ్మ వచ్చింది, బొత్తాం కన్నాలతో సహా. రెండు కాయలను కలిపితే ఒప్పుకోని ప్రోగ్రాములో తప్పేముందని మాస్టారే మెచ్చుకున్నారు. పప్పులో నీళ్లు పోసినా మా అత్తగారు పట్టుకోలేకపోయేవారు. నన్ను పట్టుకున్నది ఆ కంప్యూటరొక్కటే.

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. గీతలున్న కాయను గీసినవాళ్లు ఎదురుగా ఉంటే తప్ప కోయించను. కూరగాయలో దొరికిన బొత్తాన్ని ఎవరిదని అడక్కుండా ఎవరి చొక్కాకూ కుట్టను. మాస్టారు ఆయన బొత్తాం ఆయన కోసి తీసుకున్నారు, న్యాయమే. కానీ కుట్టిన దారం నాది. అది ఇప్పటికీ తిరిగి రాలేదు.